జీవిత మైలురాళ్లు, సొంత ఖర్చుల ప్రాధాన్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువు, ఉద్యోగం, పెళ్లి, సొంత ఇల్లు, పిల్లలు, పదవీ విరమణ అనే వరుసలోనే జీవితం సాగాలన్న మాట చాలామంది ఊహ తెలిసిన నాటి నుంచీ వింటూ వస్తున్నదే. ఆ వరుసలోని ప్రతి మెట్టుకూ ఒక వయసూ, ఒక ఖర్చూ ఎవరో ముందే నిర్ణయించి పెట్టినట్టు ఉంటుంది. వాటికి తలూపే ముందు ఒకసారి ఆగి ఆలోచించాలనుకునే వారికి సాధారణంగా కలిగే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి.

మైలురాళ్లను ప్రశ్నించడమంటే వాటిని వద్దనుకోవడమేనా?

కాదు. పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఒక నిర్ణయం. ఆ పెళ్లికి ఎంత ఖర్చు పెట్టాలి, ఏ వయసులో పెట్టాలి అన్నది వేరే నిర్ణయం. ఇల్లు, పిల్లలు, ఉన్నత చదువు, వాహనం, పదవీ విరమణ, వేటి విషయంలోనైనా ఇంతే. అయితే చుట్టూ ఉన్నవాళ్లు ఈ రెండు నిర్ణయాలనూ ఒకే మూటగా కట్టి మన చేతిలో పెడతారు కాబట్టి, మొదటిదానికి సరేనన్న వాళ్లు రెండోదానికి కూడా సరేనన్నట్టే లెక్క అయిపోతుంది. ఆ మూట విప్పి చూసిన తర్వాత కూడా అందులో ఉన్నదంతా మీకు కావాలనిపిస్తే నిశ్చింతగా తీసుకోండి. అందరూ నడిచిన దారినే ఆలోచించి ఎంచుకున్న మనిషికీ, ఆలోచించకుండా అందులో పడిపోయిన మనిషికీ బయటికి తేడా కనిపించకపోవచ్చు. కష్టకాలంలో అప్పు వాయిదా కట్టేటప్పుడు మాత్రం ఆ తేడా వారిద్దరికీ బాగా తెలుస్తుంది.

ఈ వరుస, ఈ వయసులు అసలు ఎక్కడి నుంచి వచ్చాయి?

కొన్ని చట్టాల నుంచి, కొన్ని ఆర్థిక పరిస్థితుల నుంచి, కొన్ని వ్యాపార ప్రకటనల నుంచి వచ్చాయి. 65 ఏళ్లకు పదవీ విరమణ అన్నది ఎంతో సహజమైన విషయంగా వినిపిస్తుంది. కానీ 1889లో ఛాన్సలర్ బిస్మార్క్ హయాంలో జర్మనీ తెచ్చిన వృద్ధాప్య పింఛను చట్టంలో ఆ వయసు 70. దాన్ని 65కు తగ్గించింది 1916లో. అమెరికా 1935లో తన సామాజిక భద్రతా చట్టానికి 65నే తీసుకుంది. పాలకులు బడ్జెట్లు చూసుకుని ఎంచుకున్న ఒక అంకె, రెండు మూడు తరాలు గడిచేసరికి మనిషి జీవితంలో ఒక సహజ ఘట్టంగా స్థిరపడిపోయింది.

పెళ్లి వయసు సంగతి చూడండి. అమెరికాలో 1956లో మొదటి పెళ్లి మధ్యగత వయసు (సగం మంది అంతకు ముందు, సగం మంది ఆ తర్వాత పెళ్లి చేసుకునే వయసు) పురుషులకు 22.5, స్త్రీలకు 20.1. ఇప్పుడు పురుషులకు 30 దాటింది, స్త్రీలకు 28 దాటింది. ఒకే దేశంలో, ఒక మనిషి ఆయుష్షు పట్టేంత కాలంలో, ‘సరైన వయసు’ ఏడెనిమిదేళ్లు జరిగింది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన బెర్నీస్ న్యూగార్టెన్, తన సహచరులతో కలిసి 1965లో ప్రచురించిన అధ్యయనంలో, పురుషుడు 20 నుంచి 25 ఏళ్ల మధ్య పెళ్లి చేసుకోవడమే మంచిదని అడిగిన పురుషుల్లో 80 శాతం, స్త్రీలలో 90 శాతం చెప్పారు. ప్రతి సమాజం తన సభ్యుల కోసం ఇలా ఒక కనపడని గడియారాన్ని నడుపుతుందనీ, దాని ప్రకారం తాము ముందున్నామో వెనుకబడ్డామో జనం లెక్క చూసుకుంటూ ఉంటారనీ ఆమె వివరించారు. ఈనాడు ‘ఆలస్యమైపోయింది’ అని కుమిలిపోయే 30 ఏళ్ల వ్యక్తి నిజానికి ఏ గడియారం చూసి ఆ మాట అంటున్నారో ఒకసారి అడిగి చూసుకోవడం అవసరం.

వ్యాపార ప్రకటనల పాత్ర కూడా తక్కువేమీ కాదు. నిశ్చితార్థానికి వజ్రపు ఉంగరమే ఉండాలన్న నమ్మకం 20వ శతాబ్దంలో అమెరికాలో పాతుకుపోవడానికి డీ బీర్స్ అనే వజ్రాల వ్యాపార సంస్థ చేయించిన ప్రచారం ప్రధాన కారణం. వజ్రం శాశ్వతమన్న ఆ సంస్థ నినాదాన్ని 1947లో ఫ్రాన్సెస్ గెరెటీ అనే ప్రకటనల రచయిత్రి రాశారు. శాశ్వతమన్న పేరుతో చెలామణి అవుతున్న ఆ అలవాటుకు పుట్టిన తేదీ ఉందన్నమాట.

ఇంతమంది చేస్తున్నారంటే అందులో మంచి ఉండే ఉంటుంది కదా?

ఉంటుంది, కొట్టిపారేయకూడదు. పదిమంది నడిచిన దారిలో సలహా చెప్పేవారు ఉంటారు, అప్పు దొరుకుతుంది, పొరపాటు జరిగితే ఆదుకునే చట్టాలు ఉంటాయి. కొత్త దారి తొక్కేవారికి ఇవన్నీ తక్కువే.

కానీ పదిమంది చేయడమే మన కోరికను పుట్టిస్తుందన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నెదర్లాండ్స్‌లో పోస్టల్ కోడ్ ఆధారంగా నడిచే ఒక లాటరీ ఉంది. ఒక వీధి కోడ్ తగిలితే, ఆ వీధిలో టికెట్ కొన్నవారందరికీ డబ్బు వస్తుంది, దానితో పాటు కొత్త కారు కూడా బహుమతిగా ఉంటుంది. పీటర్ కూన్, మరికొందరు ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన పరిశోధనలో, టికెట్ కొనకుండా, పైసా గెలవకుండా గెలిచినవారి పక్కింట్లో ఉన్నవారు కూడా ఆ తర్వాత కార్లపై ఎక్కువ ఖర్చు చేసినట్టు తేలింది. వారి ఆదాయం పెరగలేదు, ప్రయాణ అవసరాలూ మారలేదు. పక్కింటి ముందు కొత్త కారు ఆగింది, అంతే. ‘నాకు ఇది కావాలి’ అనిపించిన ప్రతిసారీ, ఈ కోరిక నాలో ఎప్పుడు పుట్టింది, ఎవరి ఇంటికి వెళ్లి వచ్చాక పుట్టింది అని వెనక్కి వెళ్లి చూసుకోవడం అందుకే ఉపయోగపడుతుంది.

నాకు నిజంగా కావలసింది ఏదో ఎలా తెలుసుకోవాలి?

ఊహల కంటే ముందు లెక్కలు చూడండి. గత 3 నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, కార్డు బిల్లు ముందు పెట్టుకుని, ఒక పెన్ను తీసుకుని, ఒక్కొక్క పద్దునూ చదవండి. ప్రతి పద్దు పక్కనా, ఈ ఖర్చు పెట్టిన రోజు నాకు గుర్తుందా, ఇదే ఖర్చు మళ్లీ పెట్టమంటే సంతోషంగా పెడతానా అన్న రెండు ప్రశ్నలకు మాత్రం జవాబు రాయండి. చెల్లెలిని చూడటానికి వెళ్లిన రైలు టికెట్ దగ్గర చేయి ఆగదు, వెంటనే ‘ఔను’ అని రాసేస్తారు. నెలనెలా ఖాతా నుంచి తనంతట తానే తెగిపోతున్న ఏదో యాప్ చందా దగ్గర, అది దేనికోసమో గుర్తు చేసుకోవడానికే సమయం పడుతుంది. ఫోన్ వాయిదా దగ్గర, పాత ఫోన్ బాగానే పనిచేస్తుండగా ఎందుకు మార్చామా అన్న ఆలోచన వస్తుంది. ఒక గంటలో పూర్తయ్యే ఈ పని, మీ ప్రాధాన్యాల గురించి మీరు నలుగురిలో చెప్పే మాటలకూ మీ డబ్బు వెళ్లే చోటుకూ మధ్య ఎంత దూరం ఉందో కళ్లకు కట్టినట్టు చూపిస్తుంది. ఆ దూరం చూసి సిగ్గుపడవలసిన పనిలేదు. అది అందరిలోనూ ఉంటుంది.

పెద్ద ఖర్చుల విషయంలో ఇంకో పద్ధతి అవసరం. ఇల్లు కొనాలని ఊహించుకునేటప్పుడు మన మనసులో తాళంచెవులు చేతికొచ్చే రోజు మెదులుతుంది. కానీ ఆ ఇంట్లో మనం గడపబోయేవి వేల సాధారణ దినాలు. అందుకే, కొన్న రెండేళ్ల తర్వాత వచ్చే ఒక మామూలు మంగళవారాన్ని ఊహించండి. ఎన్ని గంటలకు లేస్తారు, ఆఫీసుకు చేరడానికి ఎంత సేపు పడుతుంది, ఇంటికి తిరిగి వచ్చేసరికి పిల్లలు మెలకువగా ఉంటారా, వాయిదా కట్టాక మిగిలిన డబ్బుతో ఆ నెలలో ఏం చేయగలరు? అతిథుల కోసమని ఒక గది అదనంగా ఉన్న ఇల్లు తీసుకుని, ఏడాదిలో నాలుగైదు రాత్రులు తప్ప తెరవని ఆ గది కోసం రోజూ అదనంగా గంట ప్రయాణం చేసేవారు ఎందరో ఉన్నారు. మంగళవారాన్ని ఊహించి ఉంటే వారిలో కొందరైనా ఆ గది సంగతి మరోసారి ఆలోచించేవారు.

అద్దె కట్టడమంటే డబ్బు వృథా చేయడమే కదా? సొంత ఇల్లు లేకపోతే ఎలా?

ఈ విషయంలో భావోద్వేగం బలంగా ఉంటుంది కాబట్టి అంకెలతో మొదలుపెట్టడం మేలు. 9 శాతం వడ్డీకి 100 రూపాయల అప్పు తీసుకుని 20 ఏళ్లలో సమాన నెలసరి వాయిదాల్లో తీరిస్తే, మొత్తం కట్టేది దాదాపు 216. అదే అప్పును 30 ఏళ్లకు పెంచితే దాదాపు 290. 15 ఏళ్లకు తగ్గిస్తే దాదాపు 183. అంటే 20 ఏళ్ల అప్పులో అసలు కంటే వడ్డీయే ఎక్కువ. అద్దె తిరిగిరానిదైతే ఈ వడ్డీ కూడా తిరిగిరానిదే. మరమ్మతులు, ఆస్తి పన్ను, బీమా, రిజిస్ట్రేషన్ ఖర్చులు సైతం తిరిగిరానివే. కాబట్టి న్యాయమైన పోలిక ఒకటే. ఒకవైపు అద్దెను, మరోవైపు వడ్డీ, నిర్వహణ, పన్నులు, చేతి నుంచి పెట్టిన మొదటి సొమ్ము వేరేచోట ఉంటే వచ్చేంత రాబడి, వీటన్నింటి మొత్తాన్ని పెట్టి చూడాలి. ఇంటి ధర పెరుగుతుందనుకుంటే ఆ పెరుగుదలను రెండో వైపు నుంచి తీసివేయండి, కానీ అది ఖాయమని మాత్రం అనుకోకండి. 2008 సంక్షోభం ముందు అమెరికాలో ఇళ్ల ధరలు దేశమంతటా ఒకేసారి పడవని నమ్మినవారు ఎంతగా నష్టపోయారో అందరికీ తెలుసు.

సొంత ఇంటికి లెక్కకు అందని విలువ కూడా ఉంది, దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఖాళీ చేయమనే వారు ఉండరు, గోడకు మేకు కొట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ముసలితనంలో అద్దె భారం ఉండదు. అద్దెదారులకు చట్టపరమైన రక్షణ బలహీనంగా ఉన్న చోట ఈ విలువ మరింత ఎక్కువ. స్విట్జర్లాండ్‌లో సగానికి పైగా కుటుంబాలు అద్దె ఇళ్లలోనే ఉంటాయి, ఆ దేశాన్ని ఎవరూ బీద దేశం అనరు. మీ ఉద్యోగం ఊళ్లు మారేదైతే, మీ పొదుపంతా ఒకే గోడల్లో పెట్టేయవలసి వస్తే, కొనకపోవడమే వివేకం కావచ్చు. ఒకే చోట పదిహేనేళ్లు ఉంటామన్న నమ్మకం ఉంటే, వాయిదా పోను అత్యవసర నిధి మిగిలితే, కొనడమే వివేకం కావచ్చు. నా దృష్టిలో తప్పు ఒక్కటే: ఇతరుల ముందు స్థిరపడినట్టు కనిపించడం కోసం తాహతుకు మించిన అప్పు నెత్తినేసుకోవడం.

పెళ్లి ఖర్చు ఒకేసారి వచ్చేది. అక్కడ కూడా లెక్కలేనా?

లెక్కలు కావాలి, ఎందుకంటే ఆ రోజు ఒకేసారి వస్తుంది గానీ దాని అప్పు చాలాకాలం ఉంటుంది. అమెరికాకు చెందిన ఆర్థికవేత్తలు ఆండ్రూ ఫ్రాన్సిస్-టాన్, హ్యూగో మియలాన్ పెళ్లయిన 3,000 మందికి పైగా వ్యక్తులను సర్వే చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఉంగరానికీ, వేడుకకూ ఎక్కువ ఖర్చు పెట్టినవారి వివాహాలు తక్కువ కాలం నిలిచే ధోరణి, వేడుకకు ఎక్కువమంది హాజరైన వివాహాలు ఎక్కువ కాలం నిలిచే ధోరణి అందులో కనిపించాయి. ఖర్చే విడాకులకు కారణమని దీని అర్థం కాదు. అది సంబంధం మాత్రమే. అయినా నాకు ఇందులో ఆలోచింపజేసే విషయం ఒకటి కనిపిస్తుంది. ఆప్తులు రావడం ఒక సంగతి, ఆడంబరం ఇంకో సంగతి, మనం బడ్జెట్ వేసేటప్పుడు రెండింటినీ ఒకే గంపగుత్త ఖర్చుగా రాస్తాం. ఎవరు రాకపోతే మీకు నిజంగా వెలితిగా ఉంటుందో వారి పేర్లు ముందు రాసుకుని, వారిని బాగా చూసుకోవడానికి ఏం కావాలో అంతవరకు ఖర్చు వేసుకుని చూడండి.

పిల్లల్ని కనడం ఆలస్యం చేయాలనుకుంటున్నాం, లేదా వద్దనుకుంటున్నాం. ఇదీ ప్రాధాన్యమే అవుతుందా?

అవుతుంది, అది పూర్తిగా మీ ఇద్దరి నిర్ణయం. అయితే ఇక్కడ నిజాయతీగా ఒక మాట చెప్పాలి. పెళ్లి వయసు, ఇల్లు కొనే వయసు మనుషులు పెట్టుకున్న గడువులు. సంతానం విషయంలో శరీరానికి తనదైన గడువు ఉంది. స్త్రీలలో సంతాన సామర్థ్యం 30ల తొలి సంవత్సరాల నుంచి క్రమంగా తగ్గి, 35 దాటాక ఇంకా వేగంగా తగ్గుతుంది. పురుషులలోనూ వయసు ప్రభావం ఉంటుంది. కాబట్టి ‘ఇప్పుడు కాదు’ అన్నప్పుడు, ‘ఎప్పుడు’ అన్నది కూడా మాట్లాడుకుని, అవసరమైతే వైద్యులను కలిసి తెలుసుకోండి. వద్దనుకున్నవారు వృద్ధాప్యంలో తమను ఎవరు చూసుకుంటారు, దానికి డబ్బు ఎలా అన్నది ముందుగానే ఆలోచించుకోవాలి. నిజానికి పిల్లలున్నవారు కూడా ఈ ఆలోచన చేయాలి, ఎందుకంటే పిల్లలను పింఛను పథకంగా చూడటం వారికి న్యాయం కాదు.

ఏ ఖర్చులు నిజంగా సంతోషాన్నిస్తాయో ఎవరైనా పరిశోధించారా?

చాలామంది పరిశోధించారు. వారి ఫలితాలను ఆజ్ఞలుగా తీసుకోకుండా, మీ మీద ప్రయోగించి చూడదగిన సూచనలుగా తీసుకోవాలి.

ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైఖేల్ నార్టన్ 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 46 మందికి ఉదయం పూట ఒక కవరు ఇచ్చారు. అందులో 5 డాలర్లో 20 డాలర్లో ఉన్నాయి. సాయంత్రం 5 గంటలలోపు ఆ డబ్బును కొందరు తమ కోసం, కొందరు ఇతరుల కోసం ఖర్చు పెట్టాలి. సాయంత్రం ఫోన్ చేసి అడిగినప్పుడు, ఇతరుల కోసం ఖర్చు పెట్టినవారు ఎక్కువ సంతోషంగా ఉన్నామని చెప్పారు; కవరులో ఎంత ఉందన్నది తేడా చూపలేదు. వేరేవారిని అంచనా వేయమంటే మాత్రం, సొంతానికి ఖర్చు పెట్టినవారే సంతోషంగా ఉంటారనీ, 5 డాలర్ల కంటే 20 డాలర్లే ఎక్కువ సంతోషాన్నిస్తాయనీ ఎక్కువమంది అన్నారు. మన సంతోషం గురించి మన అంచనా ఎంత తప్పవచ్చో ఇది చూపిస్తుంది.

సమయాన్ని కొనడం మరొకటి. యాష్లీ విలన్స్, సహపరిశోధకులు 2017లో అమెరికా, కెనడా, డెన్మార్క్, నెదర్లాండ్స్ దేశాలలో 6,000 మందికి పైగా వ్యక్తులను అడిగినప్పుడు, ఇష్టంలేని పనులు తప్పించుకోవడానికి డబ్బు పెట్టేవారు తమ జీవితంతో ఎక్కువ తృప్తిగా ఉన్నట్టు తేలింది. ఇల్లు ఊడ్చడానికో బట్టలు ఉతకడానికో సహాయం పెట్టుకోవడం సోమరితనమని నొచ్చుకునేవారు, అదే డబ్బుతో ఇంకో వస్తువు కొనడానికి వెనకాడకపోవడం విచిత్రం.

వస్తువుల కంటే ప్రయాణాలు, కచేరీలు వంటి అనుభవాలపై పెట్టిన ఖర్చు ఎక్కువ తృప్తినిస్తుందని లీఫ్ వాన్ బోవెన్, థామస్ గిలోవిచ్ 2003లో రాశారు. కానీ తర్వాతి పరిశోధనలు, డబ్బుకు కటకటగా ఉన్నవారికి ఈ మాట వర్తించదనీ, వారికి చాలాకాలం నిలిచే మంచి వస్తువే అంతటి తృప్తిని ఇవ్వగలదనీ చూపించాయి. ఇది ఇంగితానికి కూడా సరిపోయే మాటే. చలికాలంలో సరైన దుప్పటి లేని మనిషికి విహారయాత్ర గొప్పదని బోధించడం తగదు.

నా ఆదాయం చాలా తక్కువ. ప్రాధాన్యాలు ఎంచుకోవడం కలిగినవారి వ్యవహారం కాదా?

కొంతవరకు నిజమే. అద్దె, తిండి, మందులు, ఫీజులు పోను ఏమీ మిగలని ఇంట్లో ఎంపికకు చోటు తక్కువ, అక్కడ అసలు సమస్య ఆదాయం. ఖర్చు తగ్గించుకోమని వారికి సలహాలివ్వడం అన్యాయం. ఆదాయం పెరిగితే సంతోషం పెరుగుతుందా అన్న చర్చలో డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ 2010లో, ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగడం ఆగుతుందన్నారు. మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ 2021లో అలా ఆగదన్నారు. కానెమన్, కిల్లింగ్స్‌వర్త్ కలిసి 2023లో మళ్లీ పరిశీలించి, చాలామందికి సంతోషం పెరుగుతూనే ఉంటుందనీ, అందరికంటే దుఃఖంలో ఉన్న చిన్న వర్గానికి మాత్రమే ఒక స్థాయి దాటాక డబ్బు పనిచేయదనీ తేల్చారు. డబ్బుతో పనిలేదనే మాట, కాబట్టి, ఎవరూ ఎవరికీ చెప్పకూడనిది.

అయినప్పటికీ, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాన్ని అందరికంటే ఎక్కువగా ముంచేది ఈ మైలురాళ్ల ఖర్చే. ఏళ్ల తరబడి పైసా పైసా కూడబెట్టి, ఒకే ఒక్క వేడుకకు దాన్నంతా పెట్టి, చాలక అధిక వడ్డీకి అప్పు తెచ్చే కుటుంబానికి, రోజువారీ టీ ఖర్చు మానుకోమనడం కంటే ఆ ఒక్క ఖర్చును సగం చేసుకునే ధైర్యం ఇవ్వడం ఎక్కువ మేలు చేస్తుంది.

ఏ ఖర్చులను ప్రశ్నించకపోవడమే మంచిది?

మన మీద ఆధారపడినవారి పట్ల ఉన్న బాధ్యతలను. అలాగే ఆరోగ్య బీమా, సంపాదించేవారికి జీవిత బీమా, కొన్ని నెలల ఖర్చుకు సరిపడా చేతిలో ఉండే నిధి, అధిక వడ్డీ అప్పులు తీర్చడం. ఇవి ఎవరికీ గొప్పగా చెప్పుకోదగినవి కావు కాబట్టే వెనక్కి వెళ్లిపోతుంటాయి.

వృద్ధాప్యం కోసం పొదుపును కూడా ఇందులోనే చేర్చాలి. ఏటా 7 శాతం రాబడి వస్తుందనుకుంటే, 25వ ఏట పెట్టిన సొమ్ము 65వ ఏటికి దాదాపు 15 రెట్లు అవుతుంది; 35వ ఏట పెట్టినది దాదాపు 7.6 రెట్లు మాత్రమే. ధరల పెరుగుదల ఇందులో కొంత మింగేస్తుంది, అయినా పదేళ్ల ఆలస్యం ఖరీదు ఎంతో అర్థమవుతుంది. మైలురాళ్లను పక్కనపెట్టినవారు ఈ పొదుపును కూడా పక్కనపెడితే, వారు కోరుకున్న స్వేచ్ఛ 60 ఏళ్లకే ముగిసిపోతుంది.

నా భాగస్వామి ప్రాధాన్యాలు నావాటికి పూర్తిగా వ్యతిరేకం. ఏం చేయాలి?

ముందు వస్తువు గురించి వాదించడం ఆపి, దాని వెనుక ఉన్న భయమో ఆశో ఏమిటో అడగండి. ‘ఇల్లు కొనాలి’ అన్న మాట వెనుక, చిన్నప్పుడు నాలుగుసార్లు ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చిన జ్ఞాపకం ఉండవచ్చు. ‘ఇల్లొద్దు’ అన్న మాట వెనుక, అప్పుల వాళ్లు గుమ్మంలో నిలబడ్డ జ్ఞాపకం ఉండవచ్చు. ఆ రెండూ బయటికి వచ్చాక, ఒకే ఊళ్లో దీర్ఘకాలపు అద్దె ఒప్పందం, చిన్న ఇల్లు, లేదా అప్పు తక్కువయ్యే దాకా అయిదేళ్లు ఆగడం వంటి దారులు కనిపించే అవకాశం ఉంది. నెలవారీ ఖర్చుల కోసం ఉమ్మడి ఖాతా ఒకటి, లెక్క చెప్పనవసరం లేని చెరొక చిన్న ఖాతా పెట్టుకున్న దంపతులకు చిన్నాచితకా తగవులు చాలావరకు తప్పిపోతాయి. ఆ సొంత మొత్తం ఇద్దరికీ సమానంగా ఉండాలి. ఒకరు ఎక్కువ సంపాదిస్తున్నారని ఎక్కువ ఇవ్వడం మొదలుపెడితే ఇంట్లో ఇంకో కొలబద్ద తయారవుతుంది.

తల్లిదండ్రులకు, బంధువులకు ఏమని చెప్పాలి?

వారి ఆందోళనను అవమానంగా తీసుకోకండి. వారి కాలంలో ఇల్లు, పెళ్లి, స్థిరమైన ఉద్యోగం నిజంగానే రక్షణ కవచాలు. మీరు రక్షణ లేకుండా మిగిలిపోతారేమో అన్నదే వారి భయం. అందువల్ల సిద్ధాంతాలు చెప్పడం కంటే, మీ దగ్గర బీమా ఉందని, పొదుపు ఉందని, ఆపద వస్తే ఏం చేయాలో అనుకుని పెట్టుకున్నారని చెబితే వారు ఎక్కువ శాంతిస్తారు. అంకెలన్నీ అందరికీ విప్పి చెప్పనక్కర్లేదు. దూరపు బంధువులు అడిగితే, ‘ఇంకా అనుకోలేదండి, అనుకున్నప్పుడు తప్పకుండా చెబుతాం’ అన్న మర్యాదైన మాట చాలు, మళ్లీ అడిగినా అదే మాట. వారిని ఒప్పించే బాధ్యత మీ మీద లేదు.

తల్లిదండ్రులే డబ్బు పెడుతున్నప్పుడు మాత్రం సంగతి వేరు. డబ్బు తీసుకుని నిర్ణయం పూర్తిగా నాదే అనడం న్యాయం కాదు. వారి మాట వద్దనుకుంటే వారి డబ్బు కూడా వద్దనుకోవాలి.

అన్నీ వదిలేసి తక్కువ వస్తువులతో బతకడం, 40 ఏళ్లకే పదవీ విరమణ చేయడం, ఇవి కూడా ఇప్పుడు ఫ్యాషనే కదా?

ఔను. అందరిలా ఉండకూడదన్న పట్టుదల కూడా ఇతరుల కోసం బతకడమే. ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో, నలుగురూ చూడటం కోసం చేసే ఖర్చు గురించి వివరించారు. ఈనాడు నలుగురూ చూడటం కోసం ఖర్చు మానేయడం కూడా ఉంది. తన పొదుపు శాతాన్ని రోజూ ప్రకటించే మనిషికి, తన కారును రోజూ ప్రకటించే మనిషికి ఉన్న బంధం దగ్గరిదే. మీ ఎంపిక గురించి ఎవరికీ చెప్పకూడదన్న నియమం పెట్టుకున్నా మీరు దాన్ని కొనసాగిస్తారా అన్నది పాత దారికీ కొత్త దారికీ సమానంగా పనికొచ్చే పరీక్ష.

ఇప్పటికే ఒక మైలురాయికి బోలెడు డబ్బు పోశాను. ఇప్పుడు మనసు మారింది. వెనక్కి తగ్గితే అదంతా వృథా కదా?

పోయింది పోయినట్టే, ముందుకు సాగినా అది తిరిగి రాదు. హాల్ ఆర్క్స్, క్యాథరీన్ బ్లూమర్ 1985లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, నాటకాల సీజన్ టికెట్‌కు పూర్తి ధర కట్టినవారు రాయితీపై కొన్నవారికంటే సీజన్ మొదటి సగంలో ఎక్కువ నాటకాలకు వెళ్లారు. నాటకాలు అందరికీ ఒకటే. కట్టిన డబ్బు వారిని లాక్కెళ్లింది. రెండేళ్ల ఫీజు కట్టేశామని ఇష్టం లేని వృత్తిలో 30 ఏళ్లు గడపడం కూడా అలాంటిదే. అయితే తొందరపడి తెంచుకోవద్దు. ఈ రోజు ఆపేస్తే ఎంత వెనక్కి వస్తుంది, ఎంత జరిమానా పడుతుంది, కొనసాగిస్తే ఇక ముందు ఎంత పెట్టాలి, ప్రతిఫలంగా ఏం దక్కుతుంది అన్న లెక్క మాత్రమే కాగితం మీద రాయండి. ఇప్పటిదాకా పెట్టినది ఆ కాగితం మీదికి రానివ్వకండి.

ఈ ప్రాధాన్యాలను ఎంతకాలానికి ఒకసారి మార్చుకోవాలి?

ఏడాదికి ఒకసారి తప్పకుండా, ఇంకా ఉద్యోగం మారినా, కుటుంబంలోకి ఎవరైనా వచ్చినా, ఎవరైనా దూరమైనా ఒకసారి చూసుకోవాలి. జోర్డి క్వాడ్‌బాక్, డేనియల్ గిల్బర్ట్, తిమోతీ విల్సన్ 2013లో 18 నుంచి 68 ఏళ్ల వయసున్న 19,000 మందికి పైగా వ్యక్తులను పరిశీలించారు. గత పదేళ్లలో తాము చాలా మారామని ఒప్పుకున్నవారే, రాబోయే పదేళ్లలో పెద్దగా మారమని అన్ని వయసుల్లోనూ అనుకుంటున్నట్టు తేలింది. ఈ రోజు మీకు ఎంత ఖాయంగా అనిపిస్తున్న ఇష్టమైనా రేపు మారే అవకాశం ఉంది.

కాబట్టి వెనక్కి తీసుకోలేని నిర్ణయాల దగ్గర నిదానంగా, తీసుకోగలిగిన వాటి దగ్గర ధైర్యంగా ఉండండి. వేరే ఊరికి మారాలనుకుంటే అక్కడ ముందు ఒక ఏడాది అద్దెకు ఉండి చూడండి. ఉద్యోగం మానేయాలనుకుంటే వీలైతే మొదట కొన్ని నెలల సెలవు పెట్టి, ఆ జీతం రానట్టుగా బతికి చూడండి. పిల్లలు వద్దన్న నిర్ణయం, పొలమో ఇల్లో అమ్మేసే నిర్ణయం వంటివాటికి కనీసం ఏడాది ఎడంతో రెండుసార్లు అదే జవాబు వచ్చిందా లేదా అని చూసుకోండి. ప్రతిసారీ తేదీ వేసి, ఆ నిర్ణయానికి అప్పట్లో ఉన్న కారణాలను నాలుగు వాక్యాల్లో రాసి పెట్టుకుంటే, తర్వాతి ఏడాది ఆ కారణాల్లో ఏవి ఇంకా నిలిచి ఉన్నాయో ఒక్కొక్కటిగా సరిచూసుకోవచ్చు.